ఫోన్ పట్టుకున్నవాడికి అధికారం ఉండకూడదు

సంపాదకులకు,

కిడ్నాప్ థ్రిల్లర్లలో ఒక సీను తప్పనిసరి. హీరో ఫోన్ లాక్కుని ‘నీకేం కావాలో చెప్పు, నేనిస్తా’ అంటాడు. పక్కన కానిస్టేబుల్ ‘ఇంకో పది సెకన్లు సార్’ అని సైగ చేస్తాడు. రెండూ తప్పే.

పది సెకన్ల సంగతి తేలిక. మొబైల్ కాల్ ఏ టవర్ కిందనుంచి వచ్చిందో కంపెనీ రికార్డులో ఎలాగూ పడుతుంది. దానికోసం ఎక్కువసేపు మాట్లాడించాల్సిన పని లేదు. అసలు చిక్కు, ఆ టవర్ పరిధి నగరంలో కొన్ని వందల మీటర్లయితే పల్లెల్లో కిలోమీటర్లు ఉండటం. ఇంటర్నెట్ కాల్ అయితే ఆ ఆధారమూ అంత సులువుగా దొరకదు.

మొదటిదే పెద్ద తప్పు. బందీల కోసం మాట్లాడేవాడికి నిర్ణయాధికారం ఇవ్వరు. అధికారం ఉన్నవాడు అవునో కాదో చెప్పి తీరాలి. లేనివాడు ‘పైవాళ్లను అడిగి చెప్తా’ అనగలడు, ఆ ఒక్క మాటతో గంటలు కలిసొస్తాయి. అతని పక్కన ఇంకొకరు వింటూ చీటీలు అందిస్తారు. మరొకరు ప్రతి డిమాండునూ, గడువునూ, ఇచ్చిన మాటనూ టైముతో సహా బోర్డు మీద రాస్తారు. (ఆ బోర్డును ఏ సినిమావాళ్లూ చూపరు!) గడువు దగ్గరపడితే గుర్తు చేయరు, వేరే మాటల్లో పెట్టి దాటిస్తారు. భోజనం పంపినా బదులుగా ఏదో ఒకటి అడుగుతారు. ఆయుధాలు మాత్రం బేరంలోకే రావు.

డబ్బు కోసం ఎత్తుకెళ్లిన కేసు వేరు. బందీ ఎక్కడున్నాడో తెలియదు కాబట్టి ముందు బతికున్నట్టు రుజువు కావాలి. ఫొటో పాతది కావచ్చు, గొంతును ఇప్పుడు కంప్యూటరే పుట్టిస్తోంది. అమ్మమ్మగారి ఊళ్లో ఆవు పేరేమిటన్నట్టు ఇంట్లోవాళ్లకే తెలిసిన ప్రశ్న అడగాలి. అడిగిన మొత్తానికి వెంటనే తలూపితే అవతలివాడు ఇంకా ఉందనుకుంటాడు. పెంచేది ప్రతిసారీ తగ్గాలి: 5 లక్షల మీద 2 లక్షలు, తర్వాత 80 వేలు, ఆపైన 30 వేలు. జేబు ఖాళీ అవుతోందని వాడికి అంకెలే చెప్పాలి. ఇలాంటి బేరాలు చెడేది చాలాసార్లు ఇంట్లోనే. బాబాయి ఒకరు ఇంకో ఫోన్ నుంచి సొంతంగా మాట్లాడతాడు, అక్కడితో అంకెలన్నీ తారుమారు.

కాలం ఎంత పని చేస్తుందో 1999 డిసెంబరు చూపింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం ఐసీ 814 హైజాకర్లు అఫ్ఘానిస్థాన్‌లోని కాందహార్‌లో అడిగింది 36 మంది ఖైదీలను, 20 కోట్ల డాలర్లను. చివరికి వదిలింది ముగ్గురిని. ఆ ముగ్గురూ ఎక్కువేనన్నది న్యాయమైన విమర్శే. కానీ అంతకుముందు ఆ విమానం అమృత్‌సర్‌లో ముప్పావు గంట మన నేల మీదే ఉంది. అక్కడ దాన్ని ఆపలేకపోయాక, చేతిలో మిగిలింది మాటలే.

థ్రిల్లర్లు వదిలేసే మరో ముక్క కోర్టుది. తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు తేల్చింది: ఎత్తుకెళ్లి డబ్బడిగారని చూపినంత మాత్రాన, పాత శిక్షాస్మృతి (ఐపీసీ)లో డబ్బు కోసం కిడ్నాప్‌కు వర్తించే సెక్షన్ 364ఎ కింద నేరం నిలబడదు. చంపుతామని గానీ గాయపరుస్తామని గానీ బెదిరించినట్టో, అంత భయం కలిగేలా ప్రవర్తించినట్టో, నిజంగానే ఆ పని చేసినట్టో రుజువు కావాలి. అది లేక ఆ కేసు మామూలు కిడ్నాప్‌గా మారి, యావజ్జీవం ఏడేళ్లకు దిగింది. ఇప్పుడా సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 140(2). బెదిరింపు కాల్ రికార్డింగును ఫోన్లోంచి చెరిపేయకుండా, ఆ ఫోన్‌తో సహా పోలీసులకు అప్పగించాల్సింది ఇందుకే.

– ఒక పాఠకుడు, హనుమకొండ