మంత్రిగారూ, మా అర్జీని వరుసలోనే ఉంచండి

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

మీరు మంత్రిగా ప్రమాణం చేసిన తరువాతి ఆదివారం మా సంఘంలో కృతజ్ఞతా కూడిక జరిగింది. మీ పేరున ప్రార్థనలు చేశాం, పాటలు పాడాం. చివర్లో ఒక పెద్దాయన లేచి, “మనవారు మంత్రి అయ్యారు. ఇక మన పనులు ఆగవు” అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. ఇంటికి వచ్చాక ఆ ఆమెన్ నన్ను నిద్రపోనివ్వలేదు. దాన్ని నలుగురి ముందు అన్నాను కాబట్టి నలుగురి ముందే వెనక్కి తీసుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

లంచం గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. డబ్బున్న కవరు బల్ల మీదికి వస్తే, దాన్ని తీసుకున్నా తీసుకోకపోయినా, అది పాపమని విశ్వాసికి తెలుస్తుంది. నా భయం అది కాదు. ముందు మీ కోసం ప్రార్థన చేసి, ఆ తరువాత మెల్లగా ఒక కాగితం తీసే చేతుల గురించే నా భయం. ఆ చేతులు మావే. వాటిలో పాపం కనిపించదు, ప్రేమే కనిపిస్తుంది. కాదంటే సహోదరుణ్ణి కాదన్నట్టు ఉంటుంది.

ఇది నాకు అనుభవం మీద తెలిసిన సంగతి. పనుల బిల్లులు సరిచూసే ఒక కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒకసారి మురుగు కాలువ పని బిల్లు నా బల్ల మీదికి వచ్చింది. కాంట్రాక్టరు మా సంఘ పెద్ద. చర్చి హాలుకు పైకప్పు తన ఖర్చుతో వేయించిన మనిషి, మా నాన్న పోయినప్పుడు రాత్రంతా మా ఇంట్లో కూర్చున్న మనిషి. కొలతల పుస్తకంలో కాలువ లోతు మూడడుగులని ఉంది. నేను వెళ్లి టేపు దింపితే రెండడుగులు కూడా లేదు. ఆయన నా భుజం మీద చేయి వేసి, “మన మధ్య కొలతలేమిటి, తమ్ముడూ” అన్నారు. రూపాయి ఇవ్వలేదు, ఇస్తానని కూడా అనలేదు. ఇచ్చి ఉంటే ఆ బిల్లు విసిరికొట్టేవాణ్ణి. సంతకం చేశాను.

ఆ ఏడు వానలకు కాలువ పొంగి పల్లంలో ఉన్న ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. మర్నాడు అటు వెళ్తే ఒక ముసలమ్మ గుమ్మంలో కూర్చొని మనవరాలి నోటు పుస్తకాన్ని ఆరబెడుతోంది. అతుక్కుపోయిన కాగితాల్ని గోటితో ఒక్కొక్కటిగా విడదీస్తోంది. సిరా కారిపోయి అక్షరాలు నీలి మరకలయ్యాయి. “ఇది లెక్కల పుస్తకం, బాబూ. ఇదైనా మిగిలితే చాలు” అంది. ఆమె మా సంఘం మనిషి కాదు, మా మతమూ కాదు. ఆ కాలువకు సంతకం చేసిన చేయి ఏదో ఆమెకు తెలియదు. నాకు తెలుసు.

చేసిన తప్పును నెల తరువాత పై అధికారికి రాసి ఇచ్చాను. శాఖాపరమైన శిక్ష పడింది, అది న్యాయమే. ఆ సంఘ పెద్ద మాత్రం మా గడప తొక్కడం మానేశారు. తాను అన్యాయంగా రాబట్టినది నాలుగింతలు తిరిగి ఇస్తానని, పన్నులు వసూలు చేసే జక్కయ్య యేసు ముందు నిలబడి చెప్పాడు. చిన్నప్పటినుంచి ఎన్నోసార్లు విన్న ఆ కథ అప్పటికి గాని నాకు ఎక్కలేదు. తడిసిన ఆ పుస్తకానికి నాలుగింతలు ఏం తెచ్చి ఇవ్వగలను?

బైబిల్లో ద్వితీయోపదేశకాండం పదో అధ్యాయం దేవుణ్ణి ఎలా వర్ణిస్తుందో మీకు తెలుసు. ఆయన మనుషుల ముఖం చూసి పక్షపాతం చూపేవాడు కాడు, లంచం పుచ్చుకునేవాడు కాడు. ఆ రెండూ ఒకే ఊపిరిలో ఉన్నాయి, ముఖం చూడడం ముందు, లంచం తరువాత. మన ప్రసంగాల్లో లంచం గురించి విన్నాను గాని, ముఖం చూడడం గురించి విన్నది చాలా తక్కువ. దాని తరువాతి వచనమే తండ్రి లేనివారి గురించి, విధవరాలి గురించి, పరదేశి గురించి. పదవిలో ఉన్నవారికి బంధువో, సంఘమో, తెలిసిన ముఖమో లేనివారు వాళ్లే కదా.

ఇశ్రాయేలుకు న్యాయాధిపతిగా ఉన్న సమూయేలు ముసలితనంలో ప్రజలందరి ముందు నిలబడి, నేనెవరి ఎద్దునైనా పట్టుకున్నానా, ఎవరి గాడిదనైనా తీసుకున్నానా, ఎవరి చేతినుంచైనా లంచం తీసుకున్నానా, ఉంటే చెప్పండని అడిగాడు. లేదని జనం సాక్ష్యమిచ్చారు. ఈ ఘట్టం మీద ప్రసంగాలు చాలా విన్నాను. నాలుగు అధ్యాయాల ముందున్న సంగతి ఎవరూ ఎత్తరు. అంత నిష్కళంకుడైన సమూయేలు తన కొడుకులిద్దరినీ న్యాయాధిపతులను చేశాడు. వాళ్లు బెయేర్షెబాలో లంచాలు తిని న్యాయాన్ని తిప్పేశారు. తన చేతులు శుభ్రంగా ఉంచుకున్న మనిషికే తనవాళ్ల విషయంలో కన్ను మూసుకుపోయింది. మంత్రిగారూ, మీ చేతుల గురించి నాకు అనుమానం లేదు. మీ చుట్టూ చేరబోయే మా గురించే ఉంది.

సంఘం మంచిది కాబట్టి సంఘానికి మేలు చేస్తే అంతా మేలే అనుకునేవారు మనలో చాలామంది ఉన్నారు. వారు చరిత్ర చూడాలి. క్రిస్టఫర్ కాడ్రింగ్టన్ అనే ధనికుడు 1710లో చనిపోతూ కరీబియన్ దీవి బార్బడోస్‌లోని తన చెరకు తోటల్ని ఇంగ్లండు చర్చికి చెందిన సువార్త ప్రచార సంస్థకు రాసి ఇచ్చాడు. తోటలతోపాటు బానిసలూ వచ్చారు. తొలి రోజుల్లో ఆ బానిసల రొమ్ముల మీద కాల్చిన ఇనుముతో ‘సొసైటీ’ అనే ముద్ర వేశారు. ఆ సొసైటీ సువార్త ప్రకటించడానికి పెట్టిన సంస్థ! విలియం విల్బర్‌ఫోర్స్ అనే సభ్యుడు బ్రిటిష్ పార్లమెంటులో బానిస వ్యాపారం మీద గొంతెత్తినప్పుడు ఎదురైనవాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు కొదవ కాదు. విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో ఆయన రాజకీయాలు వదిలేద్దామనుకుంటే, ఒకప్పుడు బానిసల ఓడ నడిపిన జాన్ న్యూటన్ పాదరి ఉన్నచోటే ఉండమన్నారు. ఆయన ఉన్నారు. ఆ వ్యాపారాన్ని నిషేధించే చట్టం 1807లో వచ్చింది. బ్రిటిష్ వలసల్లో చాలాచోట్ల బానిసత్వాన్నే రద్దుచేసే చట్టం 1833లో, ఆయన పోయిన నెల తిరిగేలోగా, వచ్చింది. అప్పుడు రెండు కోట్ల పౌన్ల పరిహారం యజమానులకు ముట్టింది. విడుదలైనవారికి పైసా రాలేదు. పరిహారం అందుకున్నవారిలో ఆ సువార్త సంస్థ కూడా ఉంది. ఇంగ్లండు చర్చి మహాసభ దీనికి క్షమాపణ చెప్పింది 2006లో.

విల్బర్‌ఫోర్స్ ‘మనవాళ్ల’ మేలు చూసుకొని ఉంటే చెరకు తోటల పక్షాన నిలబడాల్సి వచ్చేది.

మరో మాట. 1933లో జర్మనీలో యూదుల మీద ఆంక్షలు మొదలైనప్పుడు, చర్చిలో చాలామందిని కదిలించింది బాప్తిస్మం పొందిన యూదుల సంగతే. వాళ్లు మనవాళ్లు కాబట్టి. జర్మన్ పాస్టరు డీట్రిక్ బోన్‌హోఫర్ ఆ ఏడాదే, నలిగిపోతున్నవారు క్రైస్తవ సమాజానికి చెందినవారు కాకపోయినా వారిపట్ల చర్చికి బేషరతు బాధ్యత ఉందని రాశారు. 1945 ఏప్రిల్ 9న నాజీల ఫ్లోసెన్‌బర్గ్ శిబిరంలో ఆయన్ని ఉరితీశారు.

అలాగని మా ముఖం చూడగానే తలుపులు మూసేయమని నేను కోరడం లేదు. పక్షపాతమని ఎవరైనా అంటారేమోనన్న జంకుతో, చట్టప్రకారం క్రైస్తవునికి రావలసినది ఆపే అధికారులనూ చూశాను. అదీ ముఖం చూడడమే. మీ విశ్వాసాన్ని దాచుకోమని కూడా అనను. పరాయి రాజు కొలువులో అధికారిగా ఉన్న దానియేలు కిటికీలు తెరిచే ప్రార్థించాడు. అయితే అతని మీద నేరం మోపాలనుకున్నవాళ్లు మొదట ఆ కిటికీల దగ్గరికి పోలేదు. రాజ్యపాలనలో అతని పని తవ్వి చూశారు. నిర్లక్ష్యం గాని, తప్పు గాని దొరకలేదు. చివరికి అతని దేవుని విషయంలో తప్ప ఇతన్ని పట్టుకోలేమని తేల్చుకున్నారు. ఫైళ్లన్నీ వెతికి విసిగిపోయాక గాని శత్రువులు అతని ప్రార్థన దాకా రాలేకపోయారు. మీ ప్రార్థన గురించి మాట్లాడుకునేవాళ్లు ఇప్పటికే ఎక్కువయ్యారు. మీ ఫైళ్లు తవ్వినవాళ్లు వట్టి చేతులతో వెళ్లారని వినాలని నా ఆశ.

అందుకని నేను అడిగేవి కొన్నే. సంఘాల నుంచి, పాస్టర్ల నుంచి వచ్చే సిఫారసు లేఖల్ని మిగతా సిఫారసులతోపాటే రిజిస్టరులో ఎక్కించి, ఎవరు అడిగినా చూపించండి. బదిలీలకూ నియామకాలకూ మీ ఇంటి ప్రార్థన కూడిక దారి కాకూడదు. మంత్రి హోదాలో మా వేదిక ఎక్కకండి. వస్తే చెప్పులు విడిచి అందరి మధ్య కూర్చోండి, వాక్యం వినండి, వెళ్లండి. శాలువాలు పట్టుకొని మేము వెంటపడతాం, వద్దనండి. నెహెమ్యా యూదా దేశంలో పన్నెండేళ్లు అధికారిగా ఉండి, తనకు రావలసిన భోజన భత్యం కూడా తీసుకోలేదు. అప్పటికే ప్రజల మీద భారం ఎక్కువగా ఉందన్నాడు. హక్కుగా వచ్చేదాన్నే వదులుకున్న మనిషి అతను. హక్కు లేనిదాన్ని మేము అడిగినప్పుడు వద్దనడం అంతకన్నా తేలికే కావాలి.

మీరు ఒక నిర్ణయం తీసుకున్నప్పుడు, “దేవుడు నాకు చెప్పాడు” అని సభలో అనకండి. నమ్మనివారు దానికి ఏమని జవాబు చెప్పగలరు? ఆ నిర్ణయం ఎందుకో, ఎవరికి మేలో, ఎంత ఖర్చో అందరికీ అందే మాటల్లో చెప్పి, తప్పని ఎవరైనా చూపిస్తే వినండి. తప్పే అయితే ఒప్పుకోండి. నేను నెల ఆలస్యం చేశాను. ఆ నెలలో మరో రెండు వానలు పడ్డాయి.

ఇక అసలు సంగతి. వచ్చే నెల మా సంఘం నుంచి ఒక బృందం మిమ్మల్ని కలవడానికి వస్తుంది. సమాధుల స్థలం కోసం అర్జీ తెస్తారు. అవసరం నిజమైనదే. ఉన్న స్థలం నిండిపోయింది. మొన్న ఒక తల్లిని పూడ్చడానికి పాత సమాధి పక్కన జానెడు చోటు వెతకాల్సి వచ్చింది. ఆ అర్జీ మీద నా సంతకం కూడా ఉంది. అయితే మాకన్నా ముందు ఇలాంటి అర్జీలే పెట్టుకొని ఎదురుచూస్తున్నవారు ఉన్నారు. వాళ్లలో మనవాళ్లు కానివారే ఎక్కువ. మావాళ్లు మీ చేయి పట్టుకొని ప్రార్థన చేస్తారు, కన్నీళ్లు కూడా పెట్టుకుంటారు. ఆ కన్నీళ్లు అబద్ధం కావు. వారితో కలిసి ప్రార్థించండి, టీ ఇచ్చి పంపండి. అర్జీ మీద అది అందిన తేదీ వేయించి, దాని వంతు వచ్చేదాకా అక్కడే ఉంచండి.

ఇట్లు,
మీ కోసం ప్రతిరోజూ ప్రార్థించే ఒక సంఘ సభ్యుడు