సర్కస్ అంటే కత్తి దాచిన బఫూన్ అనుకుంటున్న పిల్లల కోసం: సాంస్కృతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పర్యాటక, సాంస్కృతిక శాఖల మంత్రి గారికి,

నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర నాకొక సెల్‌ఫోన్ మరమ్మతు దుకాణం ఉంది. ఈ ఊరి పిల్లలు ఏ ఆటలు ఆడుతున్నారో వాళ్ల తల్లిదండ్రుల కంటే నాకు బాగా తెలుసు. పగిలిన అద్దం మార్చి ఫోను ఆన్ చేయగానే ముందు కనబడేవి అవే. అయితే మీకు ఈ లేఖ రాయించింది దుకాణంలో చూసింది కాదు, అయోధ్యా మైదానంలో జరిగింది.

మొన్న ఎగ్జిబిషన్‌కు మా పదేళ్లవాడిని తీసుకెళ్లాను. జెయింట్ వీల్ పక్కన ఒక బఫూన్ నిలబడి పిల్లలతో చేతులు కలుపుతున్నారు. అరవై దాటిన మనిషి. ముఖాన తెల్లరంగు చెమటకు చారలు కట్టింది. మావాడి వైపు చెయ్యి చాపారు. వాడు కెవ్వుమని నా వెనక దాక్కుని, "నాన్నా, కత్తి ఎక్కడ దాచాడో చూడు" అన్నాడు. పెద్దాయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఇది రోజూ ఉన్నదే అన్నట్టు పక్కకు తప్పుకున్నారు. నేను సిగ్గుపడి ఆయనకు టీ ఇప్పించాను. ఎన్నో ఏళ్లు సర్కస్‌లో ఉయ్యాలలు ఊగి, భుజం దెబ్బతిన్నాక ముఖానికి రంగు వేసుకున్నారట.

ఆ కత్తి మావాడు ఊహించుకున్నది కాదు. 2016లో వచ్చిన "ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్: సిస్టర్ లొకేషన్" అనే వీడియో గేమ్‌లో సర్కస్ బేబీ అనే మరబొమ్మ పిల్లల ప్రాణాలకు ముప్పు. "డెడ్ బై డేలైట్" అనే మరో గేమ్‌లో 2018లో చేర్చిన హంతకుడి పేరే క్లౌన్, అంటే బఫూన్. వీటిని అనుకరించే ఉచిత ఆటలకు ఫోనుల్లో లెక్కే లేదు. చీకటి డేరా, ఊడిన రంగు, వెనకనుంచి నవ్వు. అసలైన సర్కస్ ఒక్కసారి కూడా చూడని పిల్లలు సర్కస్‌కు భయపడటం నేర్చుకున్నారు.

నేను నేర్చుకున్న సర్కస్ వేరు. మా చిన్నప్పుడు గంటకింత అని డబ్బు తీసుకుని టీవీ గేమ్ ఆడించే గది ఒకటి ఉండేది. నల్లటి పెట్టెలో పసుపు రంగు క్యాసెట్ పెట్టి, పనిచేయకపోతే తీసి ఉఫ్ అని ఊది మళ్లీ పెట్టేవాళ్లం. అందులో మాకు ప్రాణం "సర్కస్ చార్లీ". జపాన్ కంపెనీ కొనామి 1984లో తయారు చేసిన ఆట. నకలు క్యాసెట్లలో మా ఊరికి చేరేసరికి ఎన్నో ఏళ్లు పట్టింది. చార్లీ ముందు సింహం మీద కూర్చుని మండే చక్రాల్లోంచి దూకుతాడు. తర్వాత తీగ మీద నడుస్తూ ఎదురొచ్చే కోతులను దాటుకుంటూ పోతాడు. ఆపైన బంతులు, గుర్రం, చివర ఉయ్యాలలు. నిప్పు తగిలితే ఒక లైఫ్ పోతుంది, మరుక్షణం అదే సింహం అదే ఉత్సాహంతో సిద్ధం. దానికి ఆకలి లేదు, బోను లేదు, రింగ్ మాస్టర్ చేతిలో కొరడా అసలే లేదు. సింహానికి ఆ పని ఇష్టమేనని నేను నిజంగా నమ్మాను.

నిజం ఏమిటో తర్వాత ప్రభుత్వమే చెప్పింది. 1998 అక్టోబరులో కేంద్రం ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు చేయించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. సర్కస్ యజమానులు కోర్టుకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వునే సమర్థించింది. చూడండి, చార్లీ ఆటలో మొదటి రెండు ఘట్టాలూ ఆ జాబితాలోకే వస్తాయి: సింహం, కోతి. డేరాల నుంచి విడిపించిన సింహాలకు, పులులకు మన విశాఖపట్నంలో పునరావాస కేంద్రం పెట్టారు. అక్కడ వాటికి సంతానం కలగకుండా చూశారు, ఆ తరంతోనే ఆ కథ ముగియాలని. జంతువుల సంగతి అలా తేలాక మనుషుల సంగతి రావడానికి మరో పదేళ్లు పట్టింది. డేరాల్లో బతుకుతున్న పసిపిల్లల గురించి దాఖలైన కేసులో, 2011లో సుప్రీంకోర్టు సర్కస్‌లలో పిల్లల చేత పని చేయించడం ఆపమంది. ఆలస్యమైనా మంచి తీర్పే. ఈ విషయంలో సర్కస్ తరఫున వకాల్తా పుచ్చుకునే ఉద్దేశం నాకు లేదు.

కానీ అపకీర్తి అంతా జంతువుల వల్లా, పిల్లల వల్లా వచ్చిందేనా? కాదు. డేరాలు రాకముందు మన ఊళ్లలో గడ ఎక్కి, తాడు మీద నడిచినవాళ్ల కులం పేరునే తిట్టుగా మార్చుకున్న జనం మనం. ఒళ్లు విల్లులా వంచే విద్య ఉన్నవాడి పేరు మనకు బూతు! ఇప్పుడు "సర్కస్ ఫీట్లు" అన్న మాటా అంతే. చట్టసభల్లో ఎదుటి పక్షాన్ని ఎగతాళి చేయడానికి కూడా ఆ మాట పనికొస్తుందని మీకు నేను చెప్పాలా!

అదే నేల మీద కోడి రామ్మూర్తి నాయుడు గారు సర్కస్ పెట్టారు. పుట్టింది వీరఘట్టంలో, అది 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. పెరిగింది, వ్యాయామం నేర్పింది, డేరా ఎత్తింది మా విజయనగరంలో. ఒంటికి చుట్టిన గొలుసులను ఊపిరి బిగబట్టి తెంచేవారు, కదిలే కార్లను పట్టి ఆపేవారు, రొమ్ము మీద ఏనుగును నిలబెట్టుకునేవారు. ఏనుగు ఎంతసేపు నిలబడింది అంటే మా ఊళ్లో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క, అది వేరే సంగతి. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట బలం చూపి మెప్పు పొందారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టాం. ఆ స్టేడియంలో పరుగెత్తే కుర్రాళ్లలో నలుగురిని ఆపి, ఆయన సర్కస్ యజమాని అని తెలుసా అని నేనే అడిగాను. ఒక్కరికీ తెలియదు. మల్లయోధుడు అన్నారు, కలియుగ భీముడు అన్నారు. గౌరవం ఇవ్వాలనుకోగానే సర్కస్ అన్న మాటను మెల్లగా తుడిచేశాం.

కనుక అడిగేది ఒక్కటే. రామ్మూర్తి నాయుడు గారి డేరా మీద తెలుగులో ఒక చిన్న ఆట తయారు చేయించండి. పెద్ద నగరాల కంపెనీకి అప్పగించవద్దు, సింహం బొమ్మ పెట్టి పంపిస్తారు. మా జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ చదివే పిల్లలు ఉన్నారు, వాళ్లకు ఇవ్వండి. గొలుసు తెంచే ఘట్టంలో ఆడేవాడు తెర మీద వేలు నొక్కి ఊపిరి లయ పట్టుకోవాలి, తొందరపడితే గొలుసు తెగకూడదు. వానలో మేకులు దిగగొట్టడం, చిరిగిన డేరా కుట్టుకోవడం, టికెట్లు అమ్ముడుపోని రాత్రి వంటకు ఏం చేయాలో ఆలోచించడం, ఇవీ ఉండాలి. ఏనుగును తీసేయవద్దు. కాలికి ఉన్న గొలుసుతో సహా చూపించండి. తన గొలుసు తెంచుకున్న మనిషి పక్కనే గొలుసుతో ఉన్న ఏనుగు నిలబడితే, ఏ బడిలో చెప్పే పాఠం కంటే పిల్లలకు అదే ఎక్కువ తడుతుంది.

బఫూన్‌ను భయపెట్టకుండా చూపడం సాధ్యమేనా అంటే, 2015లో వచ్చిన "డ్రాప్సీ" అనే ఆట చూడండి. సర్కస్ డేరాకు నిప్పంటుకున్నందుకు ఊరంతా బఫూన్‌ను అనుమానిస్తుంది, ఆడేవాడి పని ఒక్కొక్కరినీ దగ్గరకు తీసుకోవడమే. చదవడానికి సంభాషణలు కూడా లేవు. అంత మంచి ఆట మా దుకాణానికి వచ్చిన ఏ ఫోనులోనూ నేను చూడలేదు.

ఇంకొక్క మాట. నాణేలు, చక్రాలు తిప్పి డబ్బు పందెం కట్టించే సర్కస్ బొమ్మల ఆటలతో దీన్ని కలపవద్దు. 2025లో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను నిషేధించింది, మామూలు ఆటలను ప్రోత్సహించాలనీ అందులోనే ఉంది. మీకు అడ్డు లేదు. కూడలిలో కట్టే స్వాగత తోరణం ఖర్చులో ఇది అయిపోతుందని నా అంచనా. తప్పయితే మీ అధికారులు దిద్దుతారు.

పని మొదలుపెట్టే ముందు డేరాల్లో బతికినవాళ్లను కలిసి వాళ్ల మాటలు రికార్డు చేయించాలి. కేరళ ప్రభుత్వం పాత సర్కస్ కళాకారులకు పింఛను ఇస్తోంది. మనం కనీసం వాళ్ల పేర్లు రాసుకుందాం. నేను టీ ఇప్పించిన పెద్దాయనకు ఉయ్యాల మీద చేతులు మారే లెక్క ఇంకా గుర్తుంది, చెంచాతో గ్లాసు మీద కొట్టి చూపించారు. మావాడు బల్లకు అటువైపు నుంచి చాలాసేపు చూసి, చివర్లో తానూ కొట్టాడు, లెక్క తప్పింది. ఎగ్జిబిషన్ ఈ నెలాఖరుకు ఎత్తేస్తారు. తర్వాతి ఊరు ఏదో ఆయనకే తెలియదట. ఫోను నంబరు తీసుకున్నాను. మీ శాఖ నుంచి ఎవరు అడిగినా ఇస్తాను.

ఇట్లు,
గంటస్తంభం దగ్గర ఫోన్లు బాగుచేసే ఒక తండ్రి,
విజయనగరం