పెద్దింటి గోడల గురించి మీకు చెప్పాల్సిన మాట

అందరికీ నమస్కారం.

జపాన్‌లో ఏప్రిల్ చివర్లో వచ్చే గోల్డెన్ వీక్ వరుస సెలవులకి, అతిథుల బస కోసం బాగుచేయిస్తున్న మా పెద్దిల్లు తెరుస్తామని మీకు మాటిచ్చాం. తెరవలేకపోతున్నాం. ఇంకో ఏడాది పడుతుంది. మూడేళ్లుగా పెరట్లోని చిన్నింట్లో సర్దుకుంటూ "పెద్దిల్లు ఎప్పుడండీ?" అని అడుగుతున్న మీకు కారణం దాచకూడదు.

పైకప్పు, కరెంటు, స్నానాల గదులు, ఫైర్ వాళ్ల తనిఖీ అన్నీ సవ్యంగానే అయ్యాయి. పోయింది గోడల మట్టి.

ఇల్లు మా ఆయన ముత్తాత కట్టించింది. అటక మీద దూలానికి కొట్టిన పలకలో తైషో 10 (తైషో చక్రవర్తి పాలనలో పదో ఏడు) అని ఉంది, అంటే 1921. గోడలు వెదురు తడికకి మట్టి మెత్తినవి. కోనసీమలో మా అమ్మమ్మ వంటపాక గోడా అలాంటిదే. అందుకే కోడలిగా జపాన్‌లోని ఈ గిఫు కొండల్లోకి వచ్చిన రోజే ఆ గోడ మీద చెయ్యి వేసి నిలబడిపోయాను. ఇక్కడి పాతకాలపు మేస్త్రీలు గోడ మట్టిని పారెయ్యరు. రాల్చి, నానబెట్టి, కొత్త వరిగడ్డి తరిగి కలిపి మళ్లీ మెత్తుతారు. మేం చేయించాలనుకున్నదీ అదే. కాంట్రాక్టరుకి రెండుసార్లు చెప్పాను. కాగితం మీద రాయించుకోలేదు, అది నా తప్పే.

జనవరిలో ఒకరోజు అత్తయ్యగారిని ఆసుపత్రికి తీసుకెళ్లి సాయంత్రం తిరిగొచ్చేసరికి, రాల్చిన మట్టంతా కాంట్రాక్టరు చెత్త కింద లారీకి ఎత్తించేశాడు. "పాత మట్టే కదండీ! జిప్సం బోర్డు బిగిస్తే రెండు వారాల్లో అయిపోతుంది. పైన సున్నం పూస్తే ఎవరికీ తేడా తెలీదు" అన్నాడు. నూరేళ్ల కిందట ఈ ఊరివాళ్లు కాళ్లతో తొక్కిన మట్టి అది. ఆ రాత్రి ఇంట్లో ఎవరం అన్నం ముట్టలేదు. అతనికి అప్పటిదాకా చేసిన పనికి రావాల్సిందంతా ఇచ్చి పంపేశాం.

తర్వాత మూడు వారాలు ఇంట్లో ఇదే గొడవ. బోర్డు వేస్తే అనుకున్న తేదీకే తెరవొచ్చు. బ్యాంకు వాయిదాలు ఆగవు. అడ్వాన్సు కట్టిన పదకొండు కుటుంబాలు, ఎక్కువమంది టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ వాళ్లే, సెలవులు పెట్టేసుకున్నారు. మా ఆయన బోర్డు వైపే మొగ్గారు. లెక్కలు చూసేది ఆయన, తప్పుపట్టలేను. నేనే ఒప్పుకోలేదు. మొండితనమనుకుంటే అనుకోండి. మీలో ప్రతి ఒక్కరికీ ఆ గోడ చూపించి ముత్తాత కథ చెప్పింది నేను. అదే చోట బోర్డుకి సున్నం పూసి, దాని ముందు నిలబడి మీతో ఏం మాట్లాడను?

కొత్త మట్టి కూడా ముత్తాత మట్టి కాదు, నాకు తెలుసు. ఆ కథ ఇక చెప్పను. పాతది రెండు బకెట్లు మిగిలింది. పొయ్యి పగుళ్లు పూడ్చడానికని అత్తయ్యగారు ముందే పక్కన పెట్టారు. పాలకి తోడు వేసినట్టు దాన్ని కొత్త మట్టిలో కలుపుతున్నాం.

పక్క ఊరి పెద్ద మేస్త్రీ ఒకాయన ఒప్పుకున్నారు. మట్టి వేసవంతా ఊరాలి, గడ్డి చివికి జిగురొస్తేనే తడికని పట్టుకుంటుంది. మొదటి పూత సెప్టెంబరులో. అది బాగా ఆరకముందే రెండోది వేస్తే నిలవదు. నీళ్లు గడ్డకట్టే నెలల్లో తడిపని పెట్టకూడదు కాబట్టి పై పూతలు వచ్చే వసంతంలోనే. భూకంపం సంగతి అడిగినవాళ్లకి: ఇంజనీరు లెక్క ప్రకారం పునాదికీ స్తంభాలకీ చేయించిన బలం పని పూర్తయింది, ఈ ఆలస్యానికీ దానికీ సంబంధం లేదు.

అడ్వాన్సులు నెలాఖరులోగా పూర్తిగా తిరిగి పంపిస్తాం. చిన్నిల్లు అదే రేటుకి తెరిచే ఉంటుంది, పొద్దున్న ఉప్మా కూడా. వేసవిలో ఊరిన మట్టి వాసన పెరడంతా ఉంటుంది, పసిపిల్లలతో వచ్చేవాళ్లు చూసుకుని రండి.

మట్టి తొక్కేది ఏప్రిల్ మొదటి ఆదివారం. రాగలిగినవాళ్లు పాత బట్టలు తెచ్చుకోండి, భోజనం మా ఇంట్లోనే.