బుజ్జిగాడి బడి సంగతి

కడప

చిట్టితల్లికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలు కాస్త నయం. రాజుతో పంపిన ఊరగాయ అందిందా? తడి గరిటె పెట్టొద్దు.

ఈమధ్య ఎప్పుడు ఫోన్ చేసినా మీటింగ్ అంటున్నావు. బుజ్జిగాడు స్కూల్లో ఎవరినో కొరికాడట, టీచర్ మిమ్మల్ని పిలిపించారట. శారద పిన్ని చెప్పింది. అవునో కాదో నువ్వే చెప్పాలి. వాణ్ణి మాత్రం కొట్టకండి. అల్లుడుగారికీ చెప్పు.

రాయచోటి దగ్గర పనిచేసేటప్పుడు నా ఒకటో తరగతిలో ఒక పిల్లాడుండేవాడు. తల్లి కువైట్‌కు పోయింది. వాడు కొన్నాళ్లు అవ్వ దగ్గర, కొన్నాళ్లు మేనత్త దగ్గర. నేను గడప దాటితే చాలు, పక్కవాడి పుస్తకం చింపేవాడు. తిరిగొస్తే నా మొహం చూడకుండా గోడవైపు తిరిగేవాడు. అందరూ మొండిఘటం అన్నారు. నేను వెళ్లే ముందు చాక్‌పీసుల డబ్బా వాడి చేతికిచ్చి, "రిజిస్టర్ ఇచ్చి వస్తా, ఇది చూస్తుండు" అని చెప్పి, చెప్పినట్టే వచ్చేదాన్ని. మొదట్లో డబ్బా కింద కుమ్మరించేవాడు. చాన్నాళ్లకు ఒకరోజు ఎదురు పరిగెత్తుకొచ్చి, "మేడం, వీడు గిచ్చినాడు" అని ఏడ్చాడు. నా ప్రాణం లేచొచ్చింది. నమ్మకం కుదిరితేనే గదా పిల్లలు చాడీ చెప్పేది!

మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో, బాల్టిమోర్‌లో ఏడాది పిల్లల్ని గమనించింది. తల్లి వెళ్లేటప్పటి ఏడుపు కంటే, తిరిగొచ్చాక పిల్లాడు ఆమె దగ్గర ఎలా కుదుటపడతాడన్నదే ముఖ్యంగా చూసింది. అక్కడే మిన్నెసోటా రాష్ట్రంలో 1975 నుంచి కొందరు పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. పసితనంలో అమ్మ ఉందన్న భరోసా దొరికినవాళ్లు బడిలో టీచర్లతో, తోటిపిల్లలతో బాగా కలిశారట. దొరకనివాళ్లకు అదే తలరాత అని కాదు. తర్వాత దొరికే ఆదరణతోనూ పిల్లలు మారతారు.

ఇంత చిన్న వయసుకే వాడికి ఎంతమంది ఆయాలు మారారో నువ్వే చూడు. టీవీ పెట్టి, వాడికి కనపడకుండా ఆఫీసుకు జారుకోవద్దు. ఏడ్చినా సరే, చెప్పి వెళ్లు. చెప్పిన వేళకు రా. ఎవరు తీసుకురావడానికి వస్తారో పొద్దున్నే వాడికి చెప్పు. టీచర్‌తో గొడవకు దిగకు. ఇంట్లో సంగతులు ఆవిడకు చెబితే వాణ్ణి కనిపెట్టుకుని ఉంటుంది.

కావాలంటే కొన్నాళ్లు నేనొచ్చి ఉంటా. వెంకటాద్రి రైలుకి టికెట్లు చూడమని మీ నాన్నతో అన్నాను. టీచర్ ఏమన్నారో ఈ రాత్రికి ఫోన్ చెయ్యి. అన్నం తిన్నాకే చెయ్యి.

మీ అమ్మ