పైకప్పు పనులు ఎందుకు ఆగాయో మా ఖాతాదారులకు వివరణ

గౌరవనీయులైన ఖాతాదారులకు నమస్కారం.

తుపానుకు రేకులు లేచిపోయిన ఇళ్లకూ, ఏళ్ల తరబడి ఉప్పుగాలి తగిలి తుప్పుపట్టి కారుతున్న ఇళ్లకూ కొత్త పైకప్పు వేస్తామని మేము ఒప్పుకున్న పనులు అనుకున్న గడువుకు పూర్తి కావడం లేదు. మాకు వచ్చిన రేకుల మీద మేము అడిగినంత పూత లేకపోవడమే ఇందుకు కారణం. ఆ సరుకును ఒక్క ఇంటి మీద కూడా వేయకుండా మొత్తం వెనక్కి పంపించాము. వేరే తయారీదారు నుంచి కొత్త సరుకు తెప్పిస్తున్నాము. ఇన్నేళ్లుగా మమ్మల్ని నమ్ముకుని ఉన్న మీకు ఈ సంగతి పనివాళ్ల ద్వారానో, పక్కింటివారి ద్వారానో కాకుండా నేరుగా నా నుంచే తెలియాలని ఇది రాస్తున్నాను.

సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లకు మేము వాడేది అల్యూమినియం, జింకు కలిపిన పూత ఉన్న ఉక్కు రేకు. ఆ పూతలో బరువు ప్రకారం 55 శాతం అల్యూమినియం, దాదాపు 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ ఉంటాయి. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 150 గ్రాముల పూత ఉండాలని మేము రాతపూర్వకంగా కోరాము. మందంలో చెప్పాలంటే అది ఒక్కో వైపు సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). రంగు పొర దానికి అదనం. వచ్చిన సరుకులో ఆ లోహపు పూత 100 గ్రాములకు కూడా చేరలేదు.

ఈ తేడా కంటికి తెలియదు. రంగు అదే, మెరుపు అదే, రేకు మడత అదే. చేతిలో పట్టుకుని కొలిచే మందం పరికరం కూడా దీన్ని సులువుగా పట్టివ్వదు. ఆ పరికరం ఉక్కు మీదున్న పొరలన్నిటినీ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది కాబట్టి, రంగు కాస్త మందంగా వేస్తే లోహపు పూతలోని లోటు దాని చాటున దాగిపోతుంది. మాకు అనుమానం వచ్చింది కాగితాల దగ్గర. సరుకుతో పాటు వచ్చిన మిల్లు పరీక్షా పత్రంలో, అంటే రేకు తయారుచేసిన కర్మాగారం ఇచ్చే పత్రంలో, ఉన్న కాయిల్ (రేకు చుట్ట) సంఖ్యకూ, రేకుల కట్టల మీద ఉన్న సంఖ్యకూ పొంతన లేదు. అప్పుడు వేర్వేరు కట్టల నుంచి ముక్కలు కత్తిరించి ప్రయోగశాలకు పంపించాము. అక్కడ రంగు తొలగించి ముక్కను తూచి, లోహపు పూతను ఆమ్లంలో కరిగించి, మిగిలిన ఉక్కును మళ్లీ తూచారు. ఆ రెండు తూకాల మధ్య తేడాయే పూత బరువు. ఇందులో వాదించడానికి ఏమీ ఉండదు.

అయినా వాదించారు. ఎంతో కాలంగా మాకు రేకులు ఇస్తున్న ఆ సరఫరాదారు మొదట కట్టల మీద సంఖ్య తప్పుగా పడిందన్నారు. పరీక్షా ఫలితం చూపిస్తే, ముక్కలు కత్తిరించిన చోటు సరైనది కాదన్నారు. కావలసిన చోట మీరే కత్తిరించి పంపండి అంటే, ఈ మధ్య అందరూ ఇదే వాడుతున్నారు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు అన్నారు. చివరికి ధర తగ్గిస్తాము, ఉంచుకోండి అన్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆ చివరి మాటే. పూత తక్కువని తెలిసిన తర్వాత ధర తగ్గించుకుని ఆ రేకునే మీ ఇంటి మీద వేసి, పూర్తి పూత ఉన్నదాని లెక్కలో మీ దగ్గర డబ్బు తీసుకునే మనిషిగా ఆయన నన్ను ఇన్నాళ్లూ అనుకున్నారన్నమాట. ఆయన నుంచి ఇక ఒక్క మేకు కూడా కొనను. తర్వాత క్షమాపణ చెబుతూ మంచి సరుకు పంపుతామని కబురు చేశారు. వద్దన్నాను. ఆ సరుకు బహుశా మంచిదే కావచ్చు, కొత్తవారి కంటే ముందే వచ్చి ఉండవచ్చు కూడా. కానీ పత్రం మీది సంఖ్యను నమ్మలేని చోట నేను మీకు ఏ భరోసా ఇచ్చినా అది ఉత్త మాటే అవుతుంది.

కొన్ని మైక్రాన్ల కోసం ఇంత పట్టుదల అవసరమా అని మీలో కొందరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. గాలికి లోహం ఎంత వేగంగా తరిగిపోతుందో లెక్కగట్టే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9223 వాతావరణాన్ని సీ1 నుంచి సీ5 వరకు, ఆ పైన సీఎక్స్ అనే తీవ్ర స్థాయి వరకు విభజిస్తుంది. ఒక మోస్తరు తరగతి అయిన సీ3లో జింకు మొదటి ఏడాదిలో 0.7 నుంచి 2.1 మైక్రాన్ల వరకు తరిగిపోతే, సీ5లో 4.2 నుంచి 8.4 మైక్రాన్ల వరకు తరిగిపోతుంది. అలల తుంపరలు నేరుగా తగిలే ఇళ్లు సీ5లోకో, అంతకంటే తీవ్రమైన స్థాయిలోకో వస్తాయి. అల్యూమినియం కలిసిన పూత ఒట్టి జింకు కంటే చాలా నెమ్మదిగా తరుగుతుంది, నిజమే. కానీ ఒడ్డుకు దగ్గరయ్యే కొద్దీ దాని ఆయుష్షు కూడా తగ్గుతూనే వస్తుంది. లోపలి ఊళ్లో సరిపోయే పూత ఒడ్డున సరిపోదు.

ఇంకో సంగతి ఏమిటంటే, పైకప్పు అంతా ఒకే తీరుగా పాడవదు. వాన తగిలే భాగం మీద పడిన ఉప్పు కొట్టుకుపోతుంది. చూరు అడుగున, పై రేకు కింది రేకు మీదికి వచ్చే అతుకుల్లో, గోడను ఆనుకున్న మలుపుల్లో వాన చేరదు, ఉప్పు చేరుతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమను లాక్కుని రేకును తడిగా ఉంచుతుంది. అందుకే తీరంలో చాలా కప్పులు పైనుంచి చూస్తే బాగానే కనిపిస్తూ అడుగు నుంచి తుప్పుపడతాయి. చాలామంది తయారీదారుల హామీ పత్రాలు సముద్రానికి కొంత దూరంలోపు ఉన్న ఇళ్లనూ, వాన కడగని భాగాలనూ మినహాయిస్తాయి. ఆ పత్రాన్ని నమ్ముకుని పలచని పూత వేస్తే, చివరికి మీకు ఎవరి హామీ మిగలదు.

ఇక నన్ను నిద్రపోనివ్వని విషయం చెబుతాను. ఆ సరుకు వచ్చేనాటికే కొన్ని ఇళ్ల పాత కప్పు తీసేసి ఉంది. పిల్లలతో, పెద్దవాళ్లతో ఆ కుటుంబాలు టార్పాలిన్ కింద ఉంటున్నాయి. చేతిలో రేకులున్నాయి, పనివాళ్లున్నారు, ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆ రేకులు బిగిస్తే ఆ రాత్రికి ఇల్లు తడవకుండా ఉంటుంది. పూత తక్కువన్న సంగతి కొన్ని సంవత్సరాల దాకా ఎవరికీ తెలియదు, తెలిసినా ఉప్పుగాలి మీదికి నెట్టేయవచ్చు. ముందు ఈ రేకులే వేసి తర్వాత మార్చి ఇస్తానని మాట ఇవ్వాలా అని కూడా ఆలోచించాను. ఆ దారి నన్ను చాలా ఆకర్షించింది. కానీ ఒకసారి బిగించిన కప్పును విప్పితే పర్లిన్‌లలో (రేకులను బిగించే అడ్డ కమ్మీలలో) స్క్రూ రంధ్రాలు రెండింతలవుతాయి, పాత రంధ్రాల్లో కొత్త స్క్రూ పట్టు ఉండదు. అంటే మార్చి ఇచ్చిన కప్పు మొదటి దాని కంటే బలహీనంగా ఉంటుంది. పైగా తాత్కాలికం అన్న పని ఎంత తేలికగా శాశ్వతం అయిపోతుందో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు. చివరికి కట్టలన్నీ తిరిగి లారీ ఎక్కించాను. ఆ ఇళ్లకు మందపాటి టార్పాలిన్ రెండు పొరలుగా వేయించి, అంచులను తాళ్లతో కాకుండా చెక్క పట్టీలతో వాసాలకు బిగించాము. గాలి వీచిన ప్రతిసారీ వెళ్లి చూసి వస్తున్నాము. ఆ కుటుంబాలు పడుతున్న ఇబ్బంది నాకు తెలుసు. నిర్ణయం మాత్రం మారదు.

వేరే దారులు చూడలేదా అంటే చూశాము. అల్యూమినియం రేకులు వెంటనే దొరికేవి. అవి ఉక్కులా తుప్పు పట్టవు. అయితే వేడికి ఉక్కు కంటే దాదాపు రెండింతలు సాగుతాయి, కాబట్టి పొడవైన వాలుల్లో స్క్రూ రంధ్రాలను ఆ కదలికకు తగినట్టు వేయాలి. రేకు మెత్తన గనుక పర్లిన్‌ల మధ్య దూరం తగ్గించాలి. ఉక్కు పర్లిన్‌కు నేరుగా తగలకుండా మధ్యలో వేరుచేసే పట్టీ వేయాలి, లేకపోతే ఉప్పునీటి తడిలో రెండు లోహాలూ తగిలిన చోట లోహం తరిగిపోవడం మొదలవుతుంది. అంటే ఇప్పటికే నిలబెట్టిన చట్రాలను మళ్లీ కట్టాలి. ఇంకా పని మొదలవని ఇళ్లవారు అల్యూమినియం కావాలంటే సంతోషంగా వేస్తాము, చట్రం మొదటి నుంచీ దానికి తగ్గట్టు కడతాము. చట్రం పూర్తయిన ఇళ్లకు మాత్రం వద్దని నా సలహా.

పాత రేకుల మీదే కొత్తవి వేయమని అడిగినవారికి నా జవాబు వద్దనే. రెండు పొరల మధ్య తేమ, ఉప్పు నిలుస్తాయి. కింద పర్లిన్ ఎంత తుప్పుపట్టిందో కనిపించదు. అలాంటి పని మేము చేయము.

ఆలస్యానికి పరిహారంగా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వేయమని కొందరు కోరారు. మంచి ఉద్దేశంతో అడిగారు కనుక వివరంగా చెబుతాను. స్టెయిన్‌లెస్ స్టీలు తాను తుప్పుపట్టదు, కానీ ఉప్పుతడిలో తన చుట్టూ ఉన్న అల్యూమినియం, జింకు పూతను తినేస్తుంది. స్క్రూ తళతళలాడుతూ ఉంటుంది, దాని చుట్టూ రేకు కరిగి రంధ్రం పెద్దదవుతుంది. కాబట్టి ఈ రేకుకు తగిన మందమైన పూత ఉన్న ఉక్కు స్క్రూలే వాడతాము. వాటి కింద రబ్బరు వాషర్లలో కార్బన్ ఎక్కువగా ఉన్నవి విద్యుత్తును మోసుకెళ్లి ఇదే హాని చేస్తాయి, అందుకని కార్బన్ తక్కువ ఉన్న ఈపీడీఎం (ఒక రకం కృత్రిమ రబ్బరు) వాషర్లనే తెప్పిస్తున్నాము. రాగి కలిపిన మందు పట్టించిన కొయ్య ఈ రేకుకు తగలకూడదు, సీసపు పట్టీలు తగలకూడదు, తడి సిమెంటు పడకూడదు. పాత ఇళ్లలో రిడ్జ్ (రెండు వాలులు కలిసే కప్పు శిఖరం) దగ్గర సిమెంటు మెత్తడం అలవాటు. కొత్త కప్పుకు ఆ పని ఎవరినీ చేయనివ్వకండి.

గాలికి కప్పు నిలవడం గురించి మా లెక్క ఏమీ మారలేదు. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని, అంటే వేగాన్ని వేగంతోనే గుణిస్తే వచ్చేదాన్ని, అనుసరించి పెరుగుతుంది. గంటకు 150 కిలోమీటర్ల గాలి 200కు పెరిగితే ఒత్తిడి దాదాపు 1.8 రెట్లు అవుతుంది. ఆ ఒత్తిడి కప్పును కిందికి నొక్కడం కంటే పైకి పీకడమే ఎక్కువ, అందులోనూ మూలల్లో, అంచుల్లో, రిడ్జ్ పొడవునా. 1974 డిసెంబరు 25న ట్రేసీ తుపాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు, రేకులు గాలికి మళ్లీ మళ్లీ పైకి కిందికి ఊగి స్క్రూల చుట్టూ పగుళ్లు పట్టి ఊడిపోయాయని పరిశోధకులు తేల్చారు. స్క్రూ తెగలేదు, రేకే అలసి చిరిగింది. పలచబడిన, తుప్పుపట్టిన రేకు ఇంకా త్వరగా చిరుగుతుంది. మూలల్లో పర్లిన్‌లను దగ్గరగా వేసి, ప్రతి మడత శిఖరానా స్క్రూ, దాని కింద వెడల్పు వాషర్ పెట్టడం, వాసాలను గోడలకు ఉక్కు పట్టీలతో కట్టడం మా పద్ధతి. ఆలస్యాన్ని పూడ్చడానికి ఇందులో ఏ ఒక్కటీ తగ్గించము.

పనులు ఆపడం వెనక ధర పెంచే ఎత్తుగడ ఉందని ఎవరో ప్రచారం చేస్తున్నట్టు నా చెవిన పడింది. ఒప్పుకున్న ధరలో ఒక్క పైసా మారదు. కొత్త సరుకుకు అదనంగా అయ్యే ఖర్చు మాదే. ఆ మాట నమ్మి అడ్వాన్సు వెనక్కి అడిగినవారికి అదే రోజు ఇచ్చేశాము. ఇకపై అడిగేవారికి కూడా అలాగే ఇస్తాము. వెళ్లినవారి మీద నాకు కోపం లేదు, కానీ వాళ్ల ఇళ్లలో కొన్నిటికి మొదటి కప్పు వేసింది మా నాన్నగారు. నన్ను ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది.

కొత్త రేకులు రాగానే ముందుగా పాత కప్పు తీసేసిన ఇళ్లకు, తర్వాత కారుతున్న ఇళ్లకు, ఆ పైన మిగిలినవారికి వేస్తాము. పరిచయాలను బట్టి ఈ వరుస మారదు, దయచేసి అడగవద్దు. రేకులు మీ ఇంటికి చేరాక, బిగించే ముందు, కాయిల్ సంఖ్యనూ మిల్లు పత్రాన్నీ మీ ఎదుటే సరిచూస్తాము. ఆ కట్టల నుంచి తీసిన ముక్కకు ప్రయోగశాల ఇచ్చిన ఫలితం ప్రతి మీకు ఇస్తాము. రేకులను గ్రైండరుతో కోయనివ్వము, ఎందుకంటే ఆ నిప్పురవ్వలు పూతను కాల్చేస్తాయి. రేకు కత్తెరలతోనే కత్తిరిస్తాము. రంధ్రాలు వేసినప్పుడు రాలిన ఉక్కు పొడిని ఆ సాయంత్రమే ఊడ్చేస్తాము, అది రాత్రి మంచుకు తుప్పుపట్టి మరకలు వేస్తుంది కాబట్టి. పని పూర్తయ్యాక చూరు అడుగు భాగాన్నీ, వాన తగలని గోడ పక్కలనూ మీరు అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి. ఎక్కడెక్కడ కడగాలో మా మనిషి వచ్చి చూపిస్తాడు.

టార్పాలిన్ ఎక్కడైనా వదులైనా, చినిగినా వేళతో పని లేకుండా కబురు చేయండి.