సేఫ్టీ ఒప్పందంలో కార్మికుడి సంతకం కూడా ఉండాలి
రాష్ట్ర కార్మిక, ఫ్యాక్టరీల శాఖ మంత్రి గారికి ఒంగోలు నుంచి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

పని ప్రదేశాల్లో భద్రత కోసం ప్రభుత్వం, పరిశ్రమలు ఒప్పందం చేసుకుని కలిసి పనిచేయాలన్న మాట మంచిదే. మా ప్రకాశం జిల్లాలో అది నిజంగా జరగాలంటే ఆ ఒప్పందం మీద మూడో సంతకం ఉండాలి. రాయి కోసేవాళ్లది, రొయ్యలు ఒలిచేవాళ్లది. అది అడగడానికే ఈ లేఖ రాస్తున్నాను.

చిన్నాచితకా గ్రానైట్ యూనిట్లకు లెక్కలు రాయడం నా పని. యంత్రాల సంగతి ఇంజనీరుకు తెలిసినంత నాకు తెలియదు, కానీ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసు. ఒక కుర్రాడి వేళ్లు నలిగితే ఖర్చుల పుస్తకంలో అది ‘ఆసుపత్రి ఖర్చు’ అని ఒక్క లైనుగా కనిపిస్తుంది. మరుసటి వారం అతని కూలి ఉండదు. కొన్నాళ్లకు అతని పేరే ఉండదు. దెబ్బ తగిలిన మనిషి 48 గంటలు పనికి రాలేకపోతే అధికారులకు నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. ఆసుపత్రి బిల్లు నా టేబుల్ దాకా వచ్చినంత తరచుగా ఆ నోటీసు కాపీ రాదు.

యజమానులంతా దుర్మార్గులని నేను అనను. చాలామంది అప్పు చేసి మెషీన్ పెట్టినవాళ్లు. నోటీసు ఇస్తే తనిఖీ వస్తుంది, కేసు పడుతుంది, లైసెన్సు రెన్యువల్‌కి అడ్డం వస్తుందని వాళ్ల టెన్షన్. చెబితే పని పోతుందని కార్మికుడి భయం. ఇద్దరూ కలిసి దాచేస్తారు. దాంతో అదే కట్టర్ దగ్గర, అదే గార్డు లేని బెల్టు దగ్గర ఇంకొకడు నిలబడతాడు. ప్రభుత్వం, పరిశ్రమల భాగస్వామ్యం ముందుగా నయం చేయాల్సిన జబ్బు ఇదే. చిన్న దెబ్బను, తృటిలో తప్పిన ప్రమాదాన్ని తమంతట తామే చెప్పిన యూనిట్‌కి మొదటిసారి జరిమానా వేయకండి, సరిదిద్దుకోవడానికి సాయం, గడువు ఇవ్వండి. దాచి దొరికిన యూనిట్‌ని మాత్రం వదలకండి.

చీమకుర్తి నుంచి ఒంగోలు దాకా రాయి వెంట నడిస్తే ఇంకో చిక్కు కనిపిస్తుంది. క్వారీలో బండను డైమండ్ వైరుతో కోస్తారు. వైరు తెగితే దానికున్న పూసలు తూటాల్లా దూసుకొస్తాయి, ఎదురుగా ఉన్న మనిషి బతకడం కష్టం. అక్కడి భద్రత చూసేది కేంద్ర ప్రభుత్వం కింద ఉన్న గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్. లీజు, సీనరేజి (తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) చూసేది రాష్ట్ర గనుల శాఖ. అదే బండ లారీ ఎక్కి పాలిషింగ్ యూనిట్ గేటు దాటగానే మీ ఫ్యాక్టరీల శాఖ పరిధిలోకి వస్తుంది. క్వారీలో చేసి, సీజన్ తగ్గాక యూనిట్‌లో చేరిన మనిషి ఊపిరితిత్తులు మాత్రం ఒక్కటే. అతని ఆరోగ్యం రికార్డు ఏ ఆఫీసులో ఉండాలి? ఇప్పుడున్న పద్ధతిలో అతని వెంట నడిచే కాగితం ఒక్కటీ లేదు.

దుమ్ము గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చీమకుర్తి నల్ల గెలాక్సీ రాయిలో క్వార్ట్జ్, అంటే ఊపిరితిత్తులను పాడుచేసే సిలికా ఖనిజం, తక్కువని ఇక్కడ వ్యాపారులు అంటారు. అది నిజమే. భూగర్భ శాస్త్రం లెక్కన అది క్వార్ట్జ్ తక్కువగా ఉండే గాబ్రో జాతి రాయి. కానీ గ్రానైట్ యూనిట్లలో గెలాక్సీ ఒక్కటే కోయరు, రంగు గ్రానైట్లు కూడా వస్తాయి. వాటిలో క్వార్ట్జ్ పుష్కలం. పెద్ద కట్టర్ దగ్గర నీళ్లు పారుతుంటాయి కాబట్టి దుమ్ము అణుగుతుంది. అంచులు చెక్కేటప్పుడు హ్యాండ్ గ్రైండర్‌ని పొడిగా వాడితేనే కంటికి కనిపించని సన్న పొడి లేస్తుంది. ముఖానికి కట్టుకున్న తువాలు దాన్ని ఆపలేదు. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే జబ్బు సిలికోసిస్. వచ్చాక నయం కాదు. రాకుండా ఆపడం మాత్రం మన చేతిలో పనే: గ్రైండర్‌కి నీటి పైపు, దుమ్ము లాగే ఫ్యాను, సరైన మాస్కు.

సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ త్వరగా అంటుకుంటుంది. రెండింటికీ దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం ఉంటాయి కాబట్టి చాలాసార్లు టీబీ మందులతోనే సరిపెడతారు. ‘ఏం పని చేస్తావు బాబూ?’ అన్న ఒక్క ప్రశ్న టీబీ కార్డు మీద అడిగితే ఎంత తేడా వస్తుందో! ఒంగోలు రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు వృత్తి జబ్బుల ఓపీ పెట్టించండి. ఆ ఎక్స్‌రేలు చదవడంలో డాక్టర్లకు శిక్షణ ఇప్పించండి. రాజస్థాన్ 2019లో దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బులకు ప్రత్యేక విధానం తెచ్చింది. సిలికోసిస్ అని ధ్రువీకరించినవారికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు ఇస్తోంది. అక్కడ జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధిని, అంటే గని లీజుదారులు కట్టే సొమ్మును కూడా ఇందుకు వాడారు. గని ప్రాంతాల ప్రజల ఆరోగ్యం ఆ నిధికి ముఖ్యమైన పద్దే. రాయి తీసే జిల్లాలో రాయి వల్ల జబ్బు పడ్డవాడికి ఆ నిధిలో వాటా ఎందుకు ఉండకూడదు?

ఇక చట్టం. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఫ్యాక్టరీలో 500 మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి, ప్రమాదకర ప్రక్రియలు ఉంటే 250 మందికి, గనిలో 100 మందికి. పాత ఫ్యాక్టరీల చట్టంలో ఉన్న వెయ్యి మంది లెక్కతో పోలిస్తే ఇది మెరుగే. కానీ మా గ్రానైట్ యూనిట్లలో ఎన్నింటిలో 500 మంది ఉంటారు? పైగా కరెంటుతో నడిచే యూనిట్‌ని ఫ్యాక్టరీ అనడానికి ఇదివరకు 10 మంది చాలు, ఇప్పుడు 20 మంది ఉండాలి. వేళ్లు నలిగేది ఎక్కువగా అలాంటి చిన్న చోట్లే.

అసలు భాగస్వామ్యం అవసరం ఇక్కడే ఉంది. ఒక్కో చిన్న యూనిట్ సేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టుకోలేదు, నిజం. పక్కపక్కనే ఉన్న యూనిట్లన్నీ కలిసి ఒకరిని పెట్టుకోగలవు. జీతం యూనిట్లు వంతులవారీగా కడతాయి, నియామకం మాత్రం కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీ చేయాలి. యజమాని దయ మీద ఉన్న సేఫ్టీ ఆఫీసర్ యజమాని మెషీన్‌ని ఆపలేడు. యూనిట్లలో భద్రతా కమిటీలు వేయడానికి కూడా మీరు కొత్త చట్టం తేనక్కర్లేదు. సంస్థల తరగతిని బట్టి భద్రతా కమిటీలు వేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం కోడ్‌లోని 22వ సెక్షన్ ప్రభుత్వానికి ఇచ్చింది. వాటిలో కార్మికుల ప్రతినిధులు యాజమాన్యం ప్రతినిధుల కంటే తక్కువ ఉండకూడదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. గ్రానైట్ యూనిట్లకు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు, వాటిలో పది మందే ఉన్నా, ఆ ఉత్తర్వు ఇవ్వండి.

రొయ్యల ప్లాంట్ల మాట కూడా చెప్పాలి. మా తీరం నుంచి నెల్లూరు జిల్లా దాకా పల్లెల నుంచి బస్సుల్లో ఆడవాళ్లు ఆ పనికి వెళ్తారు. గంటల తరబడి చలిలో, తడి నేల మీద నిలబడి తల తీయడం, తొక్క ఒలవడం, గ్రేడింగ్ చేయడం వాళ్ల పని. విదేశాలకు వెళ్లే సరుకులో యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమోనని ల్యాబులో చూస్తారు. ఆ ఆడవాళ్లకు కూడా హెల్త్ చెకప్ ఉంటుంది, కానీ అది సరుకుకి వాళ్ల నుంచి ఏదీ అంటకుండా చూసేందుకు. వాళ్ల నడుము, వేళ్లు, ఊపిరి ఎలా ఉన్నాయో చూసేందుకు కాదు. ఈ తేడా మీరు ఒకసారి ఆలోచించాలి.

ఆ ప్లాంట్లలో చల్లదనం కోసం వాడేది అమ్మోనియా. అది గాలి కంటే తేలికే, కానీ లీకైనప్పుడు తేమతో కలిసి తెల్లని పొగలా నేల మీదే పరుచుకోవచ్చు. ఎటు పరుగెత్తాలన్నది గాలి వాటం చెబుతుంది, అందుకే ఎత్తుగా ఒక గాలి సంచి కట్టాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, తాళం వేసి ఉండకూడదు. లీకు ఆపడానికి వాల్వ్ మూసే మనిషికి ఊపిరి సిలిండర్ సెట్టు కావాలి. అవి ప్రతి ప్లాంటులో సరిపడా ఉండకపోవచ్చు. నాలుగు ప్లాంట్లు, ఫైర్ స్టేషన్ కలిసి ఒక చోట ఉంచుకుని, కలిసి మాక్ డ్రిల్ చేస్తే అందరికీ అందుతాయి. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ అనే రసాయన ఆవిరి లీకై 12 మంది చనిపోయిన రాత్రి సైరన్లు ఉన్నా మోగించలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే చెప్పింది. పరికరం ఉండటం ఒకటి, దాన్ని నొక్కే అలవాటు ఉండటం ఒకటి. డ్రిల్‌లో పర్మినెంట్ ఉద్యోగులే కాదు, కాంట్రాక్టరు తెచ్చిన ఆడవాళ్లు కూడా ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా. అమెరికాలో కార్మిక భద్రతా సంస్థ ఓషా 1982 నుంచి స్వచ్ఛంద భద్రతా కార్యక్రమం ఒకటి నడుపుతోంది. అందులో చేరే కంపెనీకి కొన్ని మామూలు తనిఖీల నుంచి మినహాయింపు దొరుకుతుంది. అయితే ముందు అధికారులు స్వయంగా వచ్చి చూస్తారు, యూనియన్ ఉన్న చోట దాని మద్దతు ఉండాల్సిందే. ఫిర్యాదు వచ్చినా, ప్రమాదం జరిగినా తనిఖీ తప్పదు. మన దగ్గర మినహాయింపు ఒక్కటి తీసుకుని మిగతావి వదిలేస్తే అది భాగస్వామ్యం కాదు. రోజు పని గంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచేందుకు 2025 జూన్‌లో రాష్ట్ర కేబినెట్ ఆమోదించింది. పదో గంటలో కట్టర్ దగ్గర నిలబడే మనిషి అలసటను కూడా ఈ ఒప్పందంలో లెక్కపెట్టండి.

మొదటి సమావేశం అమరావతిలో, హోటల్లో పెట్టొద్దని నా మనవి. చీమకుర్తిలో, షిఫ్టు దిగాక, సాయంత్రం పెట్టండి. గనుల భద్రత అధికారులను, ఫ్యాక్టరీల శాఖను, రిమ్స్ డాక్టర్లను, యజమానుల సంఘాన్ని పిలవండి. క్వారీల్లో, యూనిట్లలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల మాట మీకు అర్థమయ్యేలా ఒడియా, హిందీ తెలిసినవాళ్లను కూడా వెంట తెచ్చుకోండి. ఆ రోజు వచ్చిన కార్మికులకు కూలి కోత ఉండదని ముందే ప్రకటించండి.

ఇట్లు,
ఒంగోలు నుంచి ఒక అకౌంటెంట్