వార్షిక నివేదిక 2024-25: మంగళవారం సమావేశాలు, వాటి నుంచి పుట్టిన పనులు

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సోదర సోదరీమణులకు నమస్కారాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు కర్నూలులో మన సేవా సంఘం జరిపిన కార్యక్రమాల నివేదికను కార్యదర్శిగా మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా సమర్పిస్తారు. కనుక ప్రతి మంగళవారం సాయంత్రం మనం కూర్చొని మాట్లాడుకున్నవి ఏయే పనులుగా మారాయో చెప్పడానికే దీన్ని పరిమితం చేశాను. వారం వారం కాక నెలకు రెండుసార్లు సమావేశమైతే చాలునన్న ప్రతిపాదన ఈ రోజు మీ ముందుకు వస్తోంది. దానిపై చేయి ఎత్తే ముందు ఏడాది పనిని సభ్యులు ఒకసారి ఆ దృష్టితో చూడాలని నా మనవి.

ఆగస్టు 10వ తేదీ రాత్రి హోస్పేట దగ్గర తుంగభద్ర డ్యామ్‌కు ఉన్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఏటి ఒడ్డున ఉన్న మన ఊరికి ఆ వార్త మామూలు వార్త కాదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి నగరాన్ని ముంచిన రోజును మరిచిపోయినవారు మనలో లేరు. ఆగస్టు 13న జరగవలసిన ప్రసంగాన్ని పక్కనపెట్టి, నీటిపారుదల శాఖలో పనిచేసి విరమించిన మన సభ్యులొకరిని మాట్లాడమని కోరాం. ఒక గేటు పోవడం వేరు, డ్యామ్ తెగడం వేరని, మిగతా గేట్లు ఎత్తి నీరు వదులుతున్నది ఒత్తిడి తగ్గించడానికేనని, నిండు ప్రవాహంలో స్టాప్‌లాగ్‌ను, అంటే గేటు స్థానంలో తాత్కాలికంగా దించే అడ్డుపలకను, దించడం ఎంత కష్టమో ఆయన ఓపికగా వివరించారు. గేట్ల నిపుణులు కన్నయ్య నాయుడు గారి ఆధ్వర్యంలో కొద్ది రోజుల్లోనే ఆ ఖాళీని మూయగలిగారన్నది మీకు తెలిసినదే. అయితే ఆ సాయంత్రం మనం ధైర్యం చెప్పుకొని లేచిపోలేదు. ఏటిగట్టు వీధుల్లో మంచం దిగలేని వృద్ధులు, దివ్యాంగులు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇళ్లలో ఉన్నారో వీధుల వారీగా జాబితా రాయడం మొదలుపెట్టాం. ఈసారి నీరు ఊళ్లోకి రాలేదు, జాబితా మాత్రం మన దగ్గర ఉంది. దాన్ని వానాకాలానికి ముందు ప్రతి ఏటా సరిచూడాలని తీర్మానించాం.

సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ నీట మునిగినప్పుడు 3వ తేదీ మంగళవారమే మనం సమావేశమయ్యాం. 2009లో బయటి జిల్లాలవారు పంపిన అన్నం పొట్లాలు, దుప్పట్లు మన వీధుల్లోకి ఎలా వచ్చాయో పెద్దలు గుర్తుచేయగానే ఇక చర్చ అవసరం లేకపోయింది. బియ్యం, దుప్పట్లు, పసిపిల్లల పాలపొడి అదే వారంలో బయలుదేరాయి.

రక్తదానం విషయంలో ఈ ఏడాది మన పద్ధతినే మార్చుకున్నాం. ఇది కొంత విపులంగా చెప్పాలి. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు వల్ల 1998 జనవరి 1 నుంచి డబ్బుకు రక్తం అమ్ముకోవడం మన దేశంలో నిషిద్ధమైంది. నాటి నుంచి ఆస్పత్రులకు ఆధారం స్వచ్ఛంద దాతలు, రోగుల బంధువులే. ఏడాదికొకసారి పెద్ద శిబిరం పెట్టి, బ్యానరు కట్టి, ఫొటోలు దిగడం మనతో సహా చాలా సంఘాలకు అలవాటు. ఒక మంగళవారం మన ఆహ్వానంపై వచ్చిన బ్లడ్ బ్యాంకు వైద్యులు చెప్పిన లెక్క విన్నాక ఆ అలవాటును కొనసాగించడం సరికాదనిపించింది. ఎర్ర రక్తకణాలు, కలిపే ద్రావణాన్ని బట్టి, 35 నుంచి 42 రోజులకు మించి నిల్వ ఉండవు. ప్లేట్‌లెట్లయితే ఎడతెగక కదిలిస్తూ ఉంచినా 5 రోజులే. ఒంట్లో రక్తం సరిగా తయారుకాని వంశపారంపర్య వ్యాధి తలసేమియా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. ఒక్క రోజున కుప్పగా వచ్చిన రక్తం ఆ పిల్లలకు మూడో నెలలో ఉపయోగపడదు. వేసవిలో కాలేజీలు మూసేసి విద్యార్థి దాతలు ఊళ్లకు వెళ్లిపోయాక కొరత మొదలవుతుంది, వానల తరువాత డెంగీ జ్వరాలు వచ్చినప్పుడు ప్లేట్‌లెట్ల కోసం పరుగులు తప్పవు. పైగా మన పెద్దాసుపత్రికి కర్నూలు వారే కాదు, గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా రోగులు వస్తారు.

అందుచేత ఒకే పెద్ద శిబిరానికి బదులు, సభ్యులను, వారి కుటుంబాలను, తెలిసిన యువకులను రక్తవర్గాల వారీగా చిన్న జట్లుగా విడదీసి, వారానికి కొద్దిమంది చొప్పున వంతు వేశాం. పురుషులు మూడు నెలలకు, స్త్రీలు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు గనుక ఆ ప్రకారమే వంతు తిరుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవారినే జాబితాలో చేర్చాం. మంగళవారం సమావేశం మొదట్లో రాబోయే వారం వంతు ఎవరిదో చదువుతాం. జ్వరం వచ్చినవారు, ఊళ్లో లేనివారు అప్పుడే చెబితే ఇంకొకరి పేరు చేరుతుంది. ఫోన్‌లో పంపే సందేశం చదివి ఊరుకున్నవారు కూడా నలుగురిలో పేరు పిలిచినప్పుడు లేచి సరేనన్నారు. స్వచ్ఛంద రక్తదాన దినోత్సవమైన అక్టోబరు 1 ఈసారి మంగళవారమే వచ్చింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు కూడా అదే కావడంతో, ఆ సాయంత్రం వంతు పట్టికలో కొత్తగా చేరిన యువతీ యువకులను పెద్దల చేత ఆశీర్వదింపజేశాం. ఆడపిల్లలు ముందుకు రావడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. వారిలో రక్తహీనత వల్ల అర్హత పొందలేనివారికి వైద్య సలహా ఇప్పించే ఏర్పాటు వచ్చే ఏడాది తప్పక చేయాలి.

నేత్రదాన పక్షోత్సవాలలో, అంటే ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు, అంగీకార పత్రాలు తీసుకున్నాం. మరణించిన ఆరు గంటల లోపు కార్నియాను, అంటే కంటి ముందుభాగపు పారదర్శక పొరను, సేకరించాలి కాబట్టి, సంతకం చేసినవారికంటే వారి ఇంట్లోవారికి విషయం తెలిసి ఉండడం ముఖ్యం. అందుకే కుటుంబ సభ్యులు పక్కన ఉంటేనే పత్రం తీసుకున్నాం.

పడమటి మండలాల సంగతి నన్ను ఏడాదంతా కలవరపెట్టింది. దసరా, దీపావళి దాటగానే కోసిగి, ఆలూరు, ఆదోని, పత్తికొండ ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ఇళ్లకు తాళాలు వేసి, పత్తి, మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలస, పోతాయి. వానాధార సేద్యంలో పంట చేతికి రాకపోతే వారికి వేరే దారి లేదు. వెంట వెళ్లిన పిల్లల చదువు అక్కడితో ఆగుతుంది. ఆ ప్రాంతంలో పనిచేసే ఉపాధ్యాయులొకరు నవంబరులో మన సమావేశానికి వచ్చి, తరగతి గదిలో బెంచీలు ఎలా ఖాళీ అవుతాయో చెప్పినప్పుడు హాలంతా మౌనంగా విన్నది. అవ్వాతాతల దగ్గర ఉండిపోయిన పిల్లలకు, వలస కుటుంబాల పిల్లల కోసం నడిపే సీజనల్ హాస్టళ్లలో చేరినవారికి దుప్పట్లు, నోటు పుస్తకాలు అందించాం. మన సభ్యులు ఆదివారాలు వంతులవారీగా వెళ్లి లెక్కలు, ఇంగ్లీషు చెప్పారు. ఇది చాలదని నాకు తెలుసు. అయినా బడి మానకుండా నిలిచిన ప్రతి బిడ్డ మనకు విలువైనవారే.

మార్చిలో బస్టాండు దారిలో చలివేంద్రం ఎప్పటిలాగే ప్రారంభించాం.

ఇక ప్రతిపాదన గురించి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హ్యారిస్ ముగ్గురు మిత్రులతో కలిసి మొదలుపెట్టిన రోటరీ ఉద్యమం సభ్యుల కార్యాలయాల్లో వంతులవారీగా సమావేశమయ్యే ఆచారం వల్లనే ఆ పేరు పొందింది. ఆ నమూనాను చూసే మన సంఘం వారపు నియమం పెట్టుకుంది. రోటరీ సైతం 2016లో నెలకు రెండు సమావేశాలతో సరిపెట్టుకునే వెసులుబాటు తన క్లబ్బులకు ఇచ్చిందని ప్రతిపాదకులు అంటున్నారు, అది నిజమే. ఉద్యోగాలు, పిల్లల చదువులు, ఎండాకాలపు ప్రయాణాలు ఉన్నవారి ఇబ్బందినీ నేను గౌరవిస్తున్నాను. కానీ రెండు వారాల వ్యవధి ఉంటే వంతు పట్టిక కుంటుపడుతుంది, విజయవాడకు అదే వారం బియ్యం బయలుదేరేది కాదు, ఏటిగట్టు జాబితా ఆలోచనగానే మిగిలిపోయేది. అందుకే వారపు సమావేశాన్ని నిలుపుకొని, దాని నిడివిని ఒక గంటకు తగ్గించాలని, ప్రసంగం నెలకొకసారి మాత్రమే పెట్టి మిగతా వారాలను పనికే కేటాయించాలని, రాలేని సభ్యులు తమ వంతు విషయాన్ని సోమవారం రాత్రిలోగా తెలిపితే హాజరైనట్లే పరిగణించాలని కార్యవర్గం తరఫున సవరణ ప్రతిపాదిస్తున్నాను. సభ్యులు చర్చించి ఓటు వేయవలసిందిగా కోరుతున్నాను. ఓటింగ్ పూర్తికాగానే వచ్చే వారం రక్తదాతల పేర్లు చదువుతాం.